మా మిల్లు బూడిద నల్లగుంటది సార్



పోయిన ఆదివారం హాస్టల్ మెస్ బిల్లుల మీద రాసిన భాగం చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. బీటెక్ సివిల్, ఫైనలియర్. "అన్నా, వచ్చే నెల మాకు ప్రాజెక్టు వైవా ఉంది. అసలు వాళ్ళు దేన్ని చూసి మార్కులు వేస్తరన్నా?" అని అడిగాడు.

నాలుగు వాక్యాల్లో జవాబు రాసి పంపాను. పంపాక సిగ్గేసింది. నేను పంపింది రెగ్యులేషన్ బుక్కులో ఉండే జవాబు. ఎక్స్‌టర్నల్ కుర్చీలో కూర్చుని నేను వేసిన మార్కులు ఆ బుక్కు ప్రకారం వేసినవి కావు. అవి ఎట్లా వేశానో ఇవాళ రాస్తాను. ఈ సిరీస్‌లో ఇప్పటిదాకా నాకు అన్యాయం చేసినవాళ్ళ గురించే ఎక్కువ రాశాను. ఈ భాగంలో తప్పు చేసింది నేను.

ఇంజనీరింగ్ చదవని మిత్రుల కోసం ముందు కాస్త వివరం. నాలుగో ఏడాది ప్రాజెక్టుకు నలుగురు విద్యార్థులు ఒక బ్యాచ్. వాళ్ళకు ఒక గైడ్. మధ్యలో రెండు సెమినార్లు ఉంటాయి, వాటి మీద కాలేజీ ఇంటర్నల్ మార్కులు వేస్తుంది. చివర్లో వైవా. నేను చెప్పబోయే ఏడాది 200 మార్కుల్లో 150 ఆ వైవావే. బల్లకు అటువైపు వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్, హెచ్‌ఓడీ, గైడ్, ఇంకో సీనియర్ ఫ్యాకల్టీ. ఇటువైపు నలుగురు పిల్లలు. ఒక్కో బ్యాచ్‌కు పదిహేను నిమిషాలు.

థియరీ పేపరు దిద్దేవాడికి విద్యార్థి పేరు తెలియదు, ముఖం తెలియదు. కోడ్ నంబరు తప్ప ఇంకేమీ కనపడదు. మనోళ్ళం ఎంతో కొంత గట్టెక్కింది ఆ కోడ్ నంబరు దయవల్లే. ప్రాజెక్టుకు అట్లాంటి తెర ఏదీ లేదు. పేరు అట్ట మీద బంగారు అక్షరాల్లో ఉంటుంది, ముఖం ఎదురుగా ఉంటుంది, నోరు తెరిస్తే యాస వినపడుతుంది. వీటన్నిటికీ తోడు ఒక ప్రశ్న ఉంటుంది. "ర్యాంకెంత?"

ఎంసెట్ ర్యాంకు అడగడమంటే కులం అడగడమే అని మీకు చెప్పనక్కర్లేదు. ఆ కాలేజీలో ఓపెన్‌లో సీటు ఎంత ర్యాంకు దాకా వచ్చిందో బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు. నువ్వు చెప్పిన నంబరు దానికి అవతల ఉంటే నీ ఊర్లో నీ ఇల్లు ఏ దిక్కున ఉందో వాళ్ళకు తెలిసిపోతుంది. 2004లో నా వైవాలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే, చివరి ప్రశ్న కూడా అదే. ర్యాంకు చెప్పాను. ఎక్స్‌టర్నల్ హెచ్‌ఓడీ వైపు చూశాడు, చిన్నగా నవ్వి "ఓకే" అన్నాడు. మా బ్యాచ్ క్యూబులన్నీ పోసింది నేను. మా నాయిన సుతారి పనిలో కూలి, చిన్నప్పటి నుంచి సెలవుల్లో ఆయన వెంట మాలు కలిపినవాణ్ణి. మిగతా ముగ్గురూ మంచివాళ్ళే, కానీ పార పట్టడం రాదు. వాళ్ళు మాట్లాడారు, నేను నిలబడ్డాను. వాళ్ళకు 130లు, నాకు 104.

2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరట్ కమిటీ వేశారు, 2007లో రిపోర్టు వచ్చింది. అక్కడ ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో దాదాపు 84 శాతం మంది, మార్కులు వేసే సమయంలో పరీక్షకులు తమ కులాన్ని సూటిగానో చాటుగానో అడిగారని చెప్పారు. దేశంలోకెల్లా పెద్ద ఆస్పత్రి కాలేజీలో సంగతి అది. ఆ రిపోర్టు చదివినప్పుడు నా 104 గుర్తొచ్చి, నేను ఆ కుర్చీలో కూర్చున్న రోజు ఎవర్నీ ర్యాంకు అడగను అని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు తప్పలేదు. అదే నా బాధ. ర్యాంకు అడగకుండానే అదే పని ఎట్లా చేయొచ్చో నాకు తర్వాత తెలిసింది.

2014 ఏప్రిల్. నేను ఒక ప్రైవేటు కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మొదటిసారి ఎక్స్‌టర్నల్‌గా పిలుపొచ్చింది. వేరే జిల్లాలో ఒక కాలేజీ. కారు పంపారు. జీవితంలో మొదటిసారి ఒక కాలేజీ గేటు దగ్గర నాకు మనిషి ఎదురొచ్చి "రండి సార్" అని బ్యాగు అందుకున్నాడు. ఏసీ గది, జీడిపప్పు, టీ. హెచ్‌ఓడీ నా ముందు ఒక లిస్టు పెట్టాడు. కొన్ని బ్యాచ్‌ల పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు. "వీళ్ళు మన టాపర్స్ సార్, ప్లేస్‌మెంట్స్ కూడా వచ్చేసినయ్. మిగతావి మీ ఇష్టం." అప్పుడు ఆ లిస్టు పక్కన పెట్టేయాల్సింది. పెట్టలేదు. గౌరవం కొత్తగా దొరికినవాడికి దాన్ని పోగొట్టుకోవాలంటే భయమెక్కువ.

ఏడో బ్యాచ్‌కు టిక్కు లేదు. ఎనిమిదో బ్యాచ్‌కు ఉంది. చిత్రమేమిటంటే రెండింటి టాపిక్కూ ఒకటే: కాంక్రీటులో సిమెంటు కొంత తగ్గించి ఆ మేరకు ఊక బూడిద కలపడం. సివిల్ చదివినవాళ్ళు నవ్వుకుంటారు. ప్రతి కాలేజీలో ప్రతి ఏడూ ఇది ఉంటుంది. ఊక బూడిద కాకపోతే ఫ్లై యాష్, అదీ కాకపోతే కొబ్బరి చిప్పలు.

ఏడో బ్యాచ్‌లో మాట్లాడింది ఒక అమ్మాయి. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను, పేరూ ఊరూ వద్దంది. నల్లగొండ జిల్లా అని మాత్రం రాయమంది. ఎస్సీ హాస్టల్‌లో ఉండి చదివింది. వాళ్ళమ్మ స్లాబ్ పనుల్లో తట్ట మోసే కూలి. ఇవేవీ ఆ రోజు నాకు తెలియవు. నాకు కనపడింది ఇది: పీపీటీ లేదు, లాప్‌టాప్ పనిచేయలేదని చార్టుల మీద స్కెచ్ పెన్నుతో గీసుకొచ్చారు. రిపోర్టు పలచగా ఉంది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి ఆగుతోంది.

ఫలితాల టేబుల్ చూశాను. మామూలు ఎం20 కాంక్రీటు 27.1. పది శాతం బూడిద కలిపితే 22.4. ఇరవై శాతం కలిపితే 17.8. న్యూటన్లు, చదరపు మిల్లీమీటరుకు. నేను చదివిన ప్రతి పేపర్లోనూ పది శాతం దగ్గర బలం పెరగాలి. వీళ్ళది పడిపోయింది. పైగా 28 రోజుల పరీక్ష కాలమ్‌లో "34 రోజులు" అని రాసి ఉంది.

"ఏమ్మా, 28 రోజులకు కదా టెస్టు చేయాల్సింది?"

"సంక్రాంతి సెలవులు సార్. ల్యాబ్ తెరవలే."

"మరి 34 అని రాస్తే ఎట్లా? లిటరేచర్‌లో పది శాతానికి స్ట్రెంగ్త్ పెరిగిందని ఉంది, మీకు ఎందుకు తగ్గింది? ప్రొసీజర్‌లో ఎక్కడో తప్పు చేశారు."

"తప్పు చేయలే సార్." ఆ అమ్మాయి కాసేపు ఇంగ్లీషు వెతుక్కుని, వదిలేసి, తెలుగులో అంది. "మా మిల్లు బూడిద నల్లగుంటది సార్. కలిపితే మాలు బిగుసుకుంటది, నీళ్ళు ఎక్కువ తాగుతది."

హెచ్‌ఓడీ నవ్వాడు. "బ్లాక్ కలర్‌కీ స్ట్రెంగ్త్‌కీ ఏం సంబంధమమ్మా? ర్యాంకెంత నీది?"

ఆమె చెప్పింది. నేను టీ తాగుతున్నాను. నేను అడగలేదు కదా. ఆయన అడిగాడు. కప్పు కింద పెట్టి "ఓకే, థాంక్యూ, నెక్స్ట్ బ్యాచ్" అన్నాను. పదేళ్ళ కింద నేను విన్న ఆ "ఓకే"ని నా నోటితోనే అన్నాను.

ఎనిమిదో బ్యాచ్ సూట్లు వేసుకుని వచ్చింది. 90 పేజీల రిపోర్టు, హార్డ్ బైండింగ్, రంగుల గ్రాఫులు. 27.0, 28.5, 30.0, మళ్ళీ 28.5. గీత ఎక్కి దిగింది, గుట్ట బొమ్మ గీసినట్టు. ఇంగ్లీషు ధారగా వచ్చింది. ఒక్క ప్రశ్న వేశాను, ముగింపు ఏమిటని. చెప్పారు. నలుగురికీ 138 నుంచి 142 దాకా వేశాను. ఏడో బ్యాచ్ అమ్మాయికి 98.

రాత్రి ఇంటికొచ్చాక ఆ 98 గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అది కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

2017 ఏప్రిల్ 14. నల్లగొండ వైపు ఒక హాస్టల్‌లో అంబేడ్కర్ జయంతి సభ. మాట్లాడి దిగాక పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఒక అమ్మాయి పక్కన ఆగి ఉంది. అందరూ వెళ్ళాక వచ్చింది.

"సార్, మీరు మా ఎక్స్‌టర్నల్."

నేను గుర్తు పట్టలేదు. ఊక బూడిద అంది, చార్టులు అంది. అప్పుడు గుర్తొచ్చింది. రెడీమిక్స్ ప్లాంటులో క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తోందట. మంచిదే కదా అన్నాను. తలూపింది. నేనే అడిగాను, ఎంత పర్సెంటేజీ వచ్చిందని. 59.4 అంది. ఫస్ట్ క్లాసుకు 33 మార్కులు తక్కువ. 60 అడిగే చోట ఎక్కడా అప్లికేషన్ పెట్టలేకపోయింది. నేను ఎనిమిదో బ్యాచ్‌కు ఎంత వేశానో నాకు గుర్తుంది. ఆమెకు ఎంత వేశానో ఆమెకు గుర్తుంది. రెండింటికీ మధ్య 40కి పైనే.

ఆమె దాని గురించి అడగలేదు. అడిగి ఉంటే నాకు సులువయ్యేది, క్షమించమని అనేవాణ్ణి. ఆమె అడిగింది ఇది:

"సార్, ఆ రోజు నేను చెప్పింది తప్పా? ఇప్పుడు ప్లాంటుల పని చేస్తుంటే తప్పు కాదేమో అనిపిస్తది. మీకు తెలుసేమోనని."

నాకు తెలియదు. ఎంటెక్ చదివి, ఏళ్ళ తరబడి పాఠం చెప్పి, ఆ విషయం మీద 150కి మార్కులు వేసిన నాకు తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను.

ఆ వారమంతా చదివాను. ఊక బూడిదలో సిలికా చాలా ఎక్కువ. వేడిని అదుపులో పెట్టి కాలిస్తే ఆ సిలికా సిమెంటుతో కలిసి బలమిస్తుంది. వేడి మరీ ఎక్కువైతే సిలికా స్ఫటికంగా మారి పనికిరాకుండా పోతుంది. సరిగ్గా కాలకపోతే బొగ్గు మిగులుతుంది, బూడిద నల్లగా ఉంటుంది, కలిపిన నీళ్ళు అది పీల్చుకుంటుంది. పేపర్లలో బలం పెరిగిందని రాసినవాళ్ళు వాడింది పద్ధతిగా కాల్చి మెత్తగా నూరిన బూడిద. మిర్యాలగూడ చుట్టూ ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్ కింద ఊక కాల్చేది వడ్లు ఉడికించడానికి. సిలికా ఎట్లా ఉందో ఎవడు చూస్తాడు? ఆ బూడిద నల్లగానే ఉంటుంది. అంటే పేపర్లో చదివిన "ఊక బూడిద", లారీల్లో పోయే ఊక బూడిద ఒకటి కాదు. ఆ అమ్మాయి చెప్పింది ఈ మాటే. చార్టు మీద స్కెచ్ పెన్నుతో గీసుకొచ్చి ఆమె కనుక్కున్నది ఇదే. మొత్తం ఆ రోజు వైవాలో ఎవరైనా కొత్తగా కనుక్కున్న సంగతి ఉందంటే అదొక్కటే.

2018లో మా కాలేజీలో నా బ్యాచ్ పిల్లల్ని తీసుకుని ఒక మిల్లు నుంచి రెండు బస్తాలు తెప్పించాను. పోశాం. బూడిద లేనిది 26.8 వచ్చింది, పది శాతం కలిపింది 22.9.

ఫోన్ చేసి చెప్పాను. "ఎంత పడిపోయింది సార్?" అంది. చెప్పాను. "మాదీ అంతే," అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక సాయం అడిగింది. రిపోర్టు కాపీ తన దగ్గర లేదట. బైండింగుకు డబ్బులు మూడు కాపీలకే వచ్చినయ్, ఆ మూడూ కాలేజీకి ఇచ్చేశారు. అక్కడ ఉందేమో చూస్తారా అంది.

వెళ్ళాను. ఈసారి కారు లేదు, బస్సులో వెళ్ళాను. హెచ్‌ఓడీ మారాడు. డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో అద్దాల బీరువా ఉంది, "బెస్ట్ ప్రాజెక్ట్స్" అని చీటీ. అందులో ఎనిమిదో బ్యాచ్ రిపోర్టు ఉంది. తీసి చూశాను, 2014లో చూడాల్సిన చూపుతో. క్యూబులు పోసిన తేదీ ఫిబ్రవరి 20. రిపోర్టు పూర్తయిందని గైడ్ సంతకం చేసిన సర్టిఫికెట్ మార్చి 12. మధ్యలో 20 రోజులు. లోపల 28 రోజుల ఫలితాలు ఉన్నాయి. 42వ పేజీ అడుగున వేరే కాలేజీ పేరు చెరపడం మర్చిపోయారు. ఇంతకుముందు ఇంకెవరికో అమ్మిన రిపోర్టు అది.

ఏడో బ్యాచ్ రిపోర్టు ఎక్కడుందని ల్యాబ్ అటెండర్‌ను అడిగాను. "పాతయి కిలోల లెక్కన పోయినయ్ సార్, జాగ లేక," అన్నాడు.

ఇక్కడ ఒక మాట. కొన్న ప్రాజెక్టుల మీద తిట్లు రాయడం సులభం. అమీర్‌పేటలో గోడల నిండా ఫైనలియర్ ప్రాజెక్టుల బోర్డులు మనమందరం చూశాం. కోడ్ ఇస్తారు, రిపోర్టు ఇస్తారు, వైవా ప్రశ్నలూ జవాబులూ కూడా ఇస్తారు. మనోళ్ళు కొనరా? కొంటారు. స్కాలర్‌షిప్ డబ్బులు వచ్చిన రోజే అక్కడ కట్టేసిన తమ్ముళ్ళు నాకు తెలుసు. కాలేజీలో కంప్రెషన్ మిషన్ రిపేరు, సిమెంటు విద్యార్థులే తెచ్చుకోవాలి, ఒక్కో గైడ్‌కు ఆరేడు బ్యాచ్‌లు, రీయింబర్స్‌మెంట్ రాలేదని హాల్ టికెట్ ఆపుతామని బెదిరింపు. ఇన్నిటి మధ్య నిజం పని చేసినవాడికి 98, కొన్నవాడికి 140 అని తెలిసాక ఎవడు మాత్రం పార పడతాడు? ఆ అంగళ్ళకు గిరాకీ నడిపింది నాబోటి ఎక్స్‌టర్నళ్ళే. నేను మార్కులు వేసింది బైండింగుకు, సూటుకు, ఇంగ్లీషుకు, తప్పు లేని గ్రాఫుకు. ఇవన్నీ డబ్బుతో దొరుకుతాయి. దొరకనిది పదిహేను నిమిషాలు నా ఎదురుగా నిలబడి తెలుగులో చెప్పింది.

ఇంకా వెనక్కి వెళ్తే గైడ్‌ను ఇచ్చే దగ్గరే మొదలవుతుంది. మంచి గైడ్‌లను టాపర్లు ముందే పంచుకుంటారు, మిగిలిన పిల్లల్ని మిగిలిన గైడ్‌లకు పడేస్తారు. బీటెక్‌లో దీనివల్ల మార్కులు పోతాయి. పైచదువుల్లో మనిషే పోతాడు. హెచ్‌సీయూలో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేయడానికి వచ్చిన సెంథిల్ కుమార్‌కు గైడ్‌ను కేటాయించకుండానే కాలం గడిపారు. ఆయన బతికి లేడు. రోహిత్ పేరు తెలిసినంతగా సెంథిల్ పేరు మన పిల్లలకు తెలియదు, అందుకే రాశాను.

ఏటా ఏప్రిల్ సభల్లో నేను ఒక కథ చెప్తుంటాను. 1922 అక్టోబరులో బాబాసాహెబ్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో రూపాయి సమస్య మీద డీఎస్సీ థీసిస్ ఇచ్చారు. పరీక్షకులు దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు, మార్చమన్నారు. ఆయన మార్చి ఇచ్చారు, 1923లో డిగ్రీ వచ్చింది, అదే ఏడు పుస్తకంగా అచ్చయింది. సభలో ఇక్కడ చప్పట్లు పడతాయి, నేను ఆపేస్తాను. మిగతా సగం ఎప్పుడూ చెప్పలేదు. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది ఆయన ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్. ఆ రోజుల్లో పేరున్న ఆర్థికవేత్త. అందులో కానన్, అంబేడ్కర్ వాదనలు చాలావాటితో తాను ఏకీభవించనని సూటిగా రాస్తాడు. రాస్తూనే ఆ ఆలోచనలోని తాజాదనాన్ని మెచ్చుకుంటాడు. తనకు తెలిసిన దానికి ఎదురు చెప్పిన విద్యార్థి పుస్తకానికి ఆయన పేరు పెట్టి ముందుమాట రాశాడు. నేను ఎప్పుడూ ఆ కథలో నన్ను విద్యార్థి వైపే ఊహించుకున్నాను. నాకు దొరికింది కానన్ కుర్చీ. అందులో కూర్చుని "లిటరేచర్‌లో అట్లా లేదు" అన్నాను.

తమ్ముడు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఇప్పుడు నేనెట్లా వేస్తానంటే, ముందు అట్ట తెరవను. నలుగురినీ ఒక్కొక్కరిగా లోపలికి పిలుస్తాను. "ఏ భాషలో చెప్తావో చెప్పు" అంటాను. చాలామంది మొదట నమ్మరు, ఇంగ్లీషులోనే మొదలుపెట్టి ఆగిపోతారు, అప్పుడు నేనే నల్లగొండ తెలుగులో ఒక ప్రశ్న వేస్తాను. ముఖం మారుతుంది.

కాంక్రీటు బ్యాచ్ అయితే "క్యూబ్ బరువెంత ఉంటుంది?" అని అడుగుతాను. చిన్న ప్రశ్న. 150 మిల్లీమీటర్ల క్యూబ్ ఎనిమిది కిలోలపైనే ఉంటుంది. ఎత్తినవాడు ఆలోచించకుండా చెప్తాడు, కొందరు వేళ్ళ మీద పడ్డ సంగతి కూడా చెప్తారు. కొన్నవాడు రెండు కిలోలంటాడు, ఒకడు ముప్పై అన్నాడు. మిషన్ మీద పెడితే సూది ఎక్కడ ఆగిందని అడుగుతాను. ఎం20 క్యూబ్ 20 దగ్గర పగలాలంటే 450 కిలోన్యూటన్ల బరువు పడాలి. పగిలేటప్పుడు చప్పుడు ఎట్లా వచ్చిందో చెప్పమంటాను. రాసుకున్న నోట్‌బుక్ చూపించమంటాను, తేదీలు లెక్కపెడతాను. సంక్రాంతికి ట్యాంకులో నీళ్ళు ఎవరు నింపారని అడుగుతాను. చివరికి "ఏది కాలేదు?" అని అడుగుతాను. అన్నీ అయ్యాయనేవాళ్ళను ఎక్కువసేపు కూర్చోబెడతాను. కాలేదని చెప్పి, ఎందుకు కాలేదో ఒక ఊహ చెప్పగలిగితే, ఆ ఊహ తప్పయినా సరే, మంచి మార్కులు పడతాయి.

సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌ల సంగతి నాకు తెలియదు, నేను కూర్చోను. కానీ నా సీఎస్ఈ మిత్రుడొకడు కోడ్‌లో ఒక లైను తీసేసి "ఇప్పుడు నడిపించు" అంటాడట. అదీ క్యూబ్ బరువు ప్రశ్నే.

ఈ మధ్య రూబ్రిక్స్ అని వచ్చాయి. 2014లో మన ఎన్‌బీఏ వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం తెచ్చుకున్నాక కాలేజీల్లో గళ్ళ కాగితాల పండగ నడుస్తోంది. మెథడాలజీకి ఇన్ని, టీమ్ వర్కుకు ఇన్ని, ఎథిక్స్‌కు ఇన్ని. ఆలోచన చెడ్డది కాదు. నేనైతే దానికి అనుకూలం, గడి ఉంటే కనీసం "ఇక్కడ ఎందుకు తగ్గించావ్" అని అడగొచ్చు. కానీ చాలాచోట్ల మొత్తం ముందే వేసి, దానికి సరిపడా గళ్ళు వెనక నుంచి నింపుతారు. ఎథిక్స్ గడి కూడా అట్లాగే నింపుతారు.

ఇట్లా చేస్తున్నందుకు రెండు కాలేజీలు నన్ను మళ్ళీ పిలవలేదు. ఒక హెచ్‌ఓడీ మొహం మీదే అన్నాడు, "మీరు మీవాళ్ళకు వేసుకుంటున్నరు సార్" అని. ఆ రోజు నేను ఎక్కువ వేసిన అబ్బాయి మావాడు కాదు, కోమటోళ్ళ అబ్బాయి. నాన్న హార్డ్‌వేర్ షాపులో సిమెంటు బస్తాలు తనే దించుతాడట, బరువు సరిగ్గా చెప్పాడు. హెచ్‌ఓడీకి ఆ మాట చెప్పలేదు. చెప్తే ఆయన లెక్కే ఒప్పుకున్నట్టవుతుంది.

రిపోర్టు దొరకలేదని ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. కిలోల లెక్కన పోయిందని చెప్పలేక "బీరువాలో లేదు" అన్నాను. ఆమెకు అర్థమైంది. "పోనీయండి సార్, నోట్‌బుక్ ఇంట్ల ఉన్నట్టుంది, అమ్మ దాచింది," అంది. ఆ రాత్రి వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి. లాంగ్ నోట్‌బుక్కు, అట్ట మీద సిమెంటు మరకలు. డిసెంబరు 17, పోసినం. జనవరి 14, 28 రోజులు, ల్యాబ్ బంద్. జనవరి 20, పగలగొట్టినం. పక్కన తొమ్మిది అంకెలు, రెండు కొట్టేసి మళ్ళీ రాసినవి, ఎందుకు కొట్టేసిందో కూడా రాసింది: క్యూబ్ అంచు విరిగింది. చివరి పేజీలో ఖర్చులు. సిమెంటు, కంకర, మిల్లు నుంచి ఆటో. బూడిద ఎదురుగా "ఫ్రీ" అని ఉంది. దాని కింద "బస్తాలు ఎత్తింది: అమ్మ".

ఆ ఫొటోలు ఆమె అనుమతితో ప్రతి ఏడూ నా నాలుగో ఏడాది బ్యాచ్‌లకు మొదటి రివ్యూ రోజు చూపిస్తున్నాను. నోట్‌బుక్ అంటే ఇట్లా ఉండాలని చెప్తాను. 98 సంగతి కూడా చెప్తాను, వేసింది నేనేనని చెప్తాను.

తమ్ముడూ, నీ నోట్‌బుక్ తీసుకుని వెళ్ళు. తేదీలు దిద్దకు. వైవాలో ర్యాంకు అడిగితే ఎవరు అడిగారో, ఆ సమయంలో పక్కన ఎవరెవరు కూర్చుని ఉన్నారో ఆ సాయంత్రమే రాసిపెట్టి నాకు పంపు. టీ తాగుతూ కూర్చున్నవాళ్ళ పేర్లు కూడా రాయి.

వచ్చే ఆదివారం హాల్ టికెట్ల గురించి.

జై భీమ్.